కట్టించినవాళ్ళ కథ విన్నాం, కట్టినవాళ్ళ కథ ఏదీ? - బెంగళూరు తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

బెంగళూరులోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, శని ఆదివారాల్లో ట్రిప్పులు వేసే అన్నలకు, అక్కలకు,

నమస్కారం.

మొన్న డిసెంబరు రెండో శనివారం మేం పదకొండు మందిమి సకలేశపుర దగ్గర ఒక పాత కాఫీ ఎస్టేట్‌కి వెళ్ళి, చీకటి పడ్డాక బయల్దేరి వచ్చేశాం. తెల్లవారుజామున నాలుగింటికి మహదేవపురలో టీటీ (టెంపో ట్రావెలర్ వ్యాను) ఎక్కాం. నెలమంగల దాటేదాకా పిల్లలు నిద్ర, పెద్దవాళ్ళు అంత్యాక్షరి. బెళ్ళూరు క్రాస్ దగ్గర తట్టె ఇడ్లీ. హాసన్ దాటాక కిటికీ అద్దాలన్నీ మంచుతో మూసుకుపోయాయి. హేమావతి మీద వంతెన దాటుతుంటే ఎండ వచ్చింది. ఆ రోజు ఎంతో బాగా గడిచింది. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది ఫిర్యాదు లేఖ అనుకుని మీరు పక్కన పెట్టేయకూడదు. అలాంటి తోటలకి నేను మళ్ళీ వెళ్తాను. మీరూ వెళ్ళండి. కానీ వెళ్ళేటప్పుడు ఒక పని చేయండి అని అడగడానికే ఇది రాస్తున్నాను.

మమ్మల్ని తిప్పి చూపించిన కుర్రాడిది ఆ పక్క ఊరే. కన్నడ అబ్బాయి. తెలుగు టూరిస్టులు ఎక్కువగా వస్తున్నారని తెలుగు నేర్చుకున్నాడట, చక్కగా మాట్లాడాడు. ముందు బంగళా చూపించాడు. మంగళూరు పెంకుల కప్పు, అద్దంలా మెరిసే ఎర్రటి గచ్చు, గోడ మీద అడవిదున్న తల, పన్నెండు మంది కూర్చునే భోజనాల బల్ల, దాని వెనక గోడకి మీసాల దొర ఫొటో. తర్వాత తోట. కాఫీ గురించి ఎన్ని సంగతులు చెప్పాడో! బాబా బుడన్ అనే సూఫీ సాధువు యెమెన్‌లోని మోఖా నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడన్న కథ చెప్పాడు. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు ఆస్ట్రేలియా నుంచి వచ్చాయన్నాడు. అరబికా పండ్లు అన్నీ ఒక్కసారే పండవు, ఎర్రబడ్డవి మాత్రమే ఏరుకుంటూ అదే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావాలన్నాడు. అయిదారు కిలోల పండ్లు కోస్తే గాని ఒక కిలో పచ్చి గింజ రాదట. కెంట్స్ అనే రకానికి దాన్ని ఎంపిక చేసిన తోట దొర పేరే పెట్టారన్నది కూడా అతను చెప్తేనే తెలిసింది.

అంతా వింటున్నప్పుడు నాకు ఒక్కటే అడ్డం పడుతూ వచ్చింది. అతని వాక్యాలన్నిటికీ కర్త ఒక్కడే. దొర అడవి కొట్టాడు. దొర రోడ్డు వేశాడు. దొర మూడు వందల ఎకరాలు నాటాడు. దొర ఈ బంగళా కట్టాడు. దొర వెళ్ళిపోయాక తోట కొన్న కుటుంబం గురించీ అంతే: పెద్దయ్యగారు మిరియాలు వేశారు, చిన్నయ్యగారు గోడౌన్ కట్టారు.

తెలుగులో కట్టడం వేరు, కట్టించడం వేరు. చిన్నప్పుడు బళ్ళో ప్రేరణార్థక క్రియ అని చదువుకున్నాం కదా. ఒకరు చేయించారంటే చేసినవాళ్ళు ఇంకెవరో ఉన్నారని ఆ క్రియే చెప్తుంది. ఆ అబ్బాయి తెలుగు కొత్తగా నేర్చుకున్నవాడు, అతన్ని తప్పు పట్టను. కానీ మాలో పుట్టుకతో తెలుగువాళ్ళం పదకొండు మందిమి ఉండి, ఒక్కరం కూడా 'కట్టాడా, కట్టించాడా?' అని అడగలేదు. మూడు వందల ఎకరాల కొండ అడవిని నరికింది ఎవరు, ఆ రాళ్ళు మోసింది ఎవరు, వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ కూలికి వచ్చారు, వానాకాలం జలగల మధ్య ఎక్కడ పడుకున్నారు? గంటన్నర తిరిగాం. ఒక్క మాట రాలేదు.

ఇక ఫొటో సంగతి. కోత జరుగుతున్న చోట ఒక చెట్టు కింద చిన్న పందిరి వేసి, అక్కడ తలగుడ్డలు, బుట్టలు, పాత చొక్కాలు పెట్టారు. నూట యాభై ఇస్తే కాఫీ కోసే కూలీ వేషంలో ఫొటో తీస్తారు. మా ఆడవాళ్ళం అయిదుగురం వేసుకున్నాం. నేనూ వేసుకున్నాను. తలకి గుడ్డ చుట్టుకుని, బుట్ట భుజానికి తగిలించుకుని నవ్వుతూ నిలబడ్డాను. రెండు వరసల అవతల నిజంగా పండ్లు కోస్తున్న ఒకామె పని ఆపి నా దగ్గరకి వచ్చింది. "అట్ల గాదుక్కా, భుజానికి కాదు. నడుముకి బిగిచ్చి కట్టుకోవల్ల. లేకుంటే వంగినప్పుడు పండ్లన్నీ పడిపోతాయి" అంటూ నా బుట్ట తాడు విప్పి, నడుము చుట్టూ తిప్పి, ముడి వేసింది. ఆమె చేతుల మీద మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు. చీమలట. కొమ్మ వంచితే నెత్తిన రాల్తాయట.

తెలుగు విని ప్రాణం లేచొచ్చింది. ఏ ఊరని అడిగాను. "పావగడ పక్కనక్కా. మా ఊర్లో అందురూ తెలుగే. ముందు మాయమ్మ వస్తాండె, ఇప్పుడు నేను." ఎదురుగా సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు చూపించి, "ఆ వరసంతా మాయమ్మోళ్ళు నాటిందే" అంది. పది నిమిషాల ముందే ఆ వరస ముందు నిలబడి, పెద్దయ్యగారు మిరియాలు వేశారని విని తలలూపాం. ఆమె పేరు చెప్పింది. ఆమెని అడక్కుండా ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు.

మాట్లాడుతుండగానే మేస్త్రి పిలిచాడు, ఆమె వెళ్ళిపోయింది. తోట దిగువన పొడుగ్గా ఒకే కప్పు కింద వరసగా గదులు కనిపించాయి. బయట తాళ్ళ మీద బట్టలు ఆరుతున్నాయి. అదేమిటని అడిగితే మా గైడు, "అక్కడేం లేదు మేడమ్, లేబర్ లైన్లు" అన్నాడు. తోట కూలీలు ఉండే గదులు.

ఈ లేఖ రాయించింది ఆ 'అక్కడేం లేదు'నే.

ఇంటికొచ్చాక దొరికినంతా చదివాను. 1859లో తెల్లవాళ్ళ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అడ్వాన్సు తీసుకున్న పనివాడు ఒప్పుకున్న పని చేయకపోతే మేజిస్ట్రేటు ముందుకి లాగవచ్చు. డబ్బు తిరిగి కట్టు, లేదా పనిలోకి వెళ్ళు అంటాడు ఆయన. రెండూ కాదంటే మూడు నెలల దాకా కఠిన జైలు. మామూలుగా అప్పు తీర్చకపోతే సివిల్ కోర్టుకి వెళ్తాం. నేను బ్యాంకులో పనిచేసేదాన్ని, మొండి బాకీలు రోజూ చూస్తాను. అప్పు తీర్చనివాణ్ణి నేరస్థుణ్ణి చేసి బేడీలేసిన చట్టం అది. అస్సాం టీ తోటల నుంచి కొడగు కాఫీ తోటల దాకా యజమానుల చేతిలో అది చర్నాకోలలా పనిచేసింది. 1925లో గాని దాన్ని రద్దు చేస్తూ చట్టం రాలేదు. మనం బంగళా వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ 'ఆ రోజులే వేరు' అనుకుంటాం చూడండి, ఆ రోజుల్లో ఇదీ ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1951లో తోటల కార్మికుల కోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది. తోటలోనే ఉండే కార్మికులకి ఇళ్ళు, తాగే నీళ్ళు, వైద్యం యజమాని చూడాలంది. యాభై మంది ఆడవాళ్ళు పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే గది, నూట యాభై మంది పనివాళ్ళున్న చోట క్యాంటీను ఉండాలంది. పార్లమెంటు కూర్చుని ఇంత వివరంగా రాయాల్సి వచ్చిందంటే, అంతకు ముందు ఆ లైన్లలో బతుకు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఇదంతా కూడా ఆ తోట చరిత్రే. మన దేశంలో పండే కాఫీలో దాదాపు డెబ్బై శాతం కర్ణాటకదే అని బోర్డు మీద గర్వంగా రాశారు. ఆ కాఫీ కోసిన చేతుల గురించి ఒక్క బోర్డు లేదు.

ఇదంతా మన తెలుగు సంఘాలకి ఎందుకు చెప్తున్నావని మీరు అడగవచ్చు. తోటకూలి మనకి పరాయి కథ కాదు కాబట్టి. మా నాన్నమ్మది తాళ్ళరేవు దగ్గర ఊరు. అక్కడికి కోరంగి కూతవేటు దూరం. ఇవాళ మనం మడ అడవుల్లో బోటు షికారుకి వెళ్ళే కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. అక్కడ ఓడెక్కి మారిషస్ చెరకు తోటలకి ఎంతమంది వెళ్ళారంటే, అక్కడ తెలుగువాళ్ళకి ఆ రేవు పేరే స్థిరపడిపోయింది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో బయల్దేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నటాల్ చెరకు తోటలకి వెళ్ళిన మొదటి ఓడ అది. దాని వెనక వెళ్ళిన ఓడల్లో విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్ళు ఎందరో. ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు. పారిపోతే పట్టుకోవడానికి పనికొస్తాయని రాసుకున్న వివరాలవి. ఇవాళ అక్కడి మునిమనవలు అవే పట్టుకుని తమ ఊళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. సకలేశపుర లైన్లలో మూడు తరాలు బతికినవాళ్ళకి అలాంటి జాబితా ఏదైనా ఉందా? ప్రతి ఎస్టేట్‌లో రైటర్, అంటే తోట గుమాస్తా, రోజూ రాసే చెక్ రోల్ ఉంటుంది: ఎవరు వచ్చారు, ఎన్ని కిలోలు కోశారు, ఎంత కూలి. పాతవి అటక మీద చెదలు పట్టిపోతున్నాయేమో అని నా భయం.

మా బృందంలో ఒకావిడ అమెరికాలో ఉన్నప్పుడు లూసియానాలో విట్నీ ప్లాంటేషన్ చూసింది. చెరకు పండించిన పాత తోట అది. 2014లో జనానికి తెరిచారు. బానిసల వైపు నుంచే అక్కడ కథంతా చెప్తారట. వాళ్ళ పేర్లు రాళ్ళ మీద వరసగా చెక్కారట. మారిషస్‌లో కూలీలు ఓడ దిగి ఎక్కిన పదహారు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. బానిసత్వం వేరు, ఒప్పందపు కూలి వేరు, మన కాఫీ తోటల కూలి వేరు. మూడింటినీ ఒకే గాటన కట్టను. కానీ బంగళా చూపించినంత శ్రద్ధగా లైను కథ కూడా చెప్పొచ్చని, అయినా జనం వస్తారని అవి రుజువు చేశాయి. అంత దూరం ఎందుకు, మన అరకు చూడండి. 2019లో చిక్కమగళూరు, కొడగు, బాబాబుడన్‌గిరి కాఫీలతో పాటే అరకు అరబికాకీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు కాఫీ పొట్లం కొన్నప్పుడు మనం ముందుగా చెప్పుకునేది దాన్ని పండించిన ఆదివాసీ రైతుల గురించే. కర్ణాటక కొండ ఎక్కగానే ఆ అలవాటు మనల్ని ఎందుకు వదిలేస్తోంది?

తిరుగు ప్రయాణంలో నేను ఈ మాట ఎత్తితే ఒక అన్నయ్య, "వారమంతా ఆఫీసులో చచ్చి, ఒక్క రోజు హాయిగా తిరుగుదామని వస్తే ఈ బాధలెందుకమ్మా?" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఆ మాటలో నిజమూ ఉంది. నేనూ హాయి కోసమే వెళ్ళాను. కానీ ఆ రోజంతటిలో నాకు గుర్తుండిపోయినంత హాయిగా ఉన్నది, కొండ మీద ఒక మనిషి మన భాషలో పలకరించి నా నడుముకి తాడు ముడి వేసిన ఆ రెండు నిమిషాలే. గైడు చూపించినవాటిలో అది లేదు. ఆమె పని మానుకుని వస్తే గాని అది నాకు దక్కలేదు.

ఇంకొకరు యజమానుల వైపు నుంచి మాట్లాడారు. ఇప్పటి యజమానులు దొరలు కారు, వాళ్ళకీ కష్టాలున్నాయి, ధర పడిపోయిన ఏడాది వాళ్ళూ అప్పులపాలవుతారు, కోతకి మనుషులు దొరక్క అస్సాం నుంచీ బెంగాల్ నుంచీ పిలిపించుకుంటున్నారు అని. అంతా ఒప్పుకుంటాను. అస్సాం నుంచి వచ్చిన ఆ పిల్లలు కొండల్లో చలికి ఎలా ఉంటున్నారో కూడా ఆ కథలో భాగమే కదా. యజమానిని బోనులో నిలబెట్టమని నేను అనడం లేదు.

అడగాల్సింది మనం. ఎందుకంటే మనం అడిగితే వాళ్ళు చేస్తారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనంలో అక్కి రొట్టె, సొప్పు పల్యతో పాటు ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర వడ్డించారు. మలెనాడులో గోంగూర! "తెలుగువాళ్ళు ప్రతిసారీ అడుగుతారండీ, అందుకే పెట్టాం" అంది వంటావిడ. గోంగూర అడిగి పెట్టించుకోగలిగినవాళ్ళం, ఒక అరగంట కథ అడిగి చెప్పించుకోలేమా? చలికాలంలో బెంగళూరు నుంచి మన టీటీలు, బస్సులు ఎన్ని ఆ కొండలకి వెళ్తాయో మీకే బాగా తెలుసు. బుకింగులన్నీ మీ చేతుల మీదుగానే జరుగుతాయి.

కాబట్టి ఇకనుంచి ఏ ఎస్టేట్‌కి ఫోన్ చేసినా రేటు, భోజనం, క్యాంప్‌ఫైర్‌తో పాటు ఇదీ అడగండి: ఈ తోటలో పనిచేసిన మనుషుల గురించి మాకు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? రిటైరైన మేస్త్రి కావచ్చు, పాత రైటర్ కావచ్చు, కోతకి వచ్చే ఆడమనిషి కావచ్చు. ఇష్టపడితేనే. ఊరికే వద్దు, ఒక రోజు కూలికి తగ్గకుండా వాళ్ళ చేతికే ఇవ్వండి. మేస్త్రి పిలిస్తే గుండె గుభేలుమనే వేళ కాకుండా, తీరిక వేళ చూడండి. పాత చెక్ రోళ్ళు ఉంటే అద్దాల బీరువాలో పెట్టమనండి. ఖాళీగా ఉన్న పాత లైను ఒకటి ఉంటే పడగొట్టకుండా ఉంచమనండి. మనుషులు కాపురం ఉంటున్న లైన్లలోకి మాత్రం కెమెరాలు పట్టుకుని దయచేసి వెళ్ళకండి. అది వాళ్ళ ఇల్లు. ఎవరో వచ్చి మన వంటగదిలో ఫొటోలు తీస్తే మనం ఊరుకుంటామా? ఇక ఆ బుట్ట, తలగుడ్డ వేషం. అది మానేద్దాం. ఆ పందిరి చూడగానే నేను ఎగబడ్డాను. ఆమె వచ్చి ముడి సరిచేసి ఉండకపోతే నాకు ఏమీ అనిపించేది కాదు. ఆమె చేతుల మీది దద్దుర్లు ఆ వేషంలో ఉండవు.

సంఘాల వారికి ఇంకో మనవి. ఉగాది సంచికలో ఏటా సభ్యుల యాత్రా విశేషాలు వేస్తాం. ఈసారి రెండు పేజీలు పావగడ, మడకశిర వైపు నుంచి కాఫీ కోతలకి వెళ్ళివచ్చే మన తెలుగువాళ్ళ మాటలకి ఇవ్వండి. వాళ్ళ ఊళ్ళు బెంగళూరుకి మూడు నాలుగు గంటల దూరం. కోత అయిపోయాక ఇళ్ళ దగ్గరే దొరుకుతారు. ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చి, వాళ్ళు అన్నది అన్నట్టే, వాళ్ళ యాసలోనే అచ్చేయండి. రాసి పెట్టే పని నేను చేస్తాను. సెలవు రోజుల్లో ఎక్కడికి రమ్మన్నా వస్తాను.

మార్చిలో మొదటి వానలు పడ్డాక కాఫీ పూత వస్తుంది. కొండంతా మల్లెపూల వాసన, మూడు నాలుగు రోజులే ఉంటుంది. ఈసారి పూతకి చిక్కమగళూరు వైపు వెళ్దామని మా బృందం అనుకుంది. అక్కడి ఒక ఎస్టేట్‌కి నేనే మెసేజ్ పెట్టాను: "మేం పదకొండు మందిమి వస్తాం. బంగళాతో పాటు మీ తోటలో పనిచేసినవాళ్ళ గురించి కూడా వినాలని ఉంది. చెప్పేవాళ్ళకి మేం విడిగా డబ్బు ఇస్తాం." ఇలాంటిది ఎవరూ అడగలేదని, నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన మేస్త్రి ఒకాయన పక్క ఊళ్ళోనే ఉన్నారని, ఆయన్ని కనుక్కుని చెప్తామని సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. టెంపోలో ఇంకా మూడు సీట్లు ఉన్నాయి. సంఘం తరఫున ఎవరైనా వస్తానంటే ఆపి ఉంచుతాను.

ఇట్లు,
ఒక బ్యాంకు ఉద్యోగిని,
మహదేవపుర, బెంగళూరు